కఫీల్ ఎసొంటోడు?

ఇంటర్వ్యూకు పోయేముందు కంపెనీ గురించి బాగా తెలుసుకోవాలని ఇంజనీరింగ్ కాలేజీల్లో పిల్లలకు చెప్తారు. మంచి మాటే. ఎవరిని అడిగి తెలుసుకోవాలో మాత్రం చెప్పరు. కంపెనీ తన గురించి తాను చెప్పుకున్నదే చదువుకొని పొమ్మంటారు. పెళ్లికొడుకు ఇంటోళ్ల మాట ఒక్కటే నమ్మి పిల్లనిచ్చే తల్లి ఎక్కడైనా ఉందా?

ఈ తెలివి మా జిల్లాలకు కొత్త కాదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ నుంచి గల్ఫ్‌కు పోయిన ఇండ్లల్ల ముందు అడిగే ప్రశ్న ఇదే: కఫీల్ ఎసొంటోడు? తన్ఖా నెలనెలా ఇస్తడా? పాస్‌పోర్టు గుంజుకుంటడా? చుట్టీ మీద ఊరికొచ్చినోన్ని కూసోబెట్టి చాయ్ పోసి అడిగేవాళ్లు. ఆజాద్ వీసాలో ఆజాదీ లేదని కొందరు ఇల్లమ్ముకున్నాకే తెలుసుకున్నారు. అక్షరం రాని అమ్మీజాన్ కొడుకును పంపేముందు చేసిన ఆరా, ఇవాళ డిగ్రీ పట్టుకున్న ఆమె మనవడికి చేతకావట్లేదు. వాడు తెలివితక్కువోడని కాదు. వాడికి అడగడానికి మనిషి లేడు.

2007లో బీసీ-ఇ కింద నాలుగు శాతం వచ్చింది. కోర్టుల్లో కొట్లాడి, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ తోడైంది. మెకానిక్ కొడుకు, పండ్లబండి అతని బిడ్డ కంప్యూటర్ సైన్స్ చదివారు. కానీ ఆ నాలుగు శాతం కాలేజీ గేటు దాటి సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటు దాకా రాదు. కొలువుల్లో సమాన అవకాశమన్న రాజ్యాంగం 16వ అధికరణ సర్కారు నౌకరీలకే. 2006లో సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ పెట్టమంది. 2008లో మాధవ మీనన్ బృందం బిల్లు ముసాయిదా కూడా రాసిచ్చింది. అది చట్టం కాలేదు. 2015లో ముంబైలో ఒక వజ్రాల ఎగుమతి కంపెనీ, ముస్లిమేతరులనే తీసుకుంటామని ఒక ఎంబీఏ కుర్రాడికి రాతపూర్వకంగా జవాబిచ్చింది. రాసినోళ్లు దొరికారు. రాయకుండా అర్జీ పక్కన పడేసేవాళ్లను ఎవరు పట్టాలె?

'సాఫ్ట్‌వేర్‌లో కులం, మతం లేవండీ, టాలెంటే' అంటారు మా సెక్యులర్ మిత్రులు. వాళ్ల వైపు సాక్ష్యాన్ని నేను దాచను. 2009లో అచ్చయిన ఒక ఢిల్లీ అధ్యయనం, సాఫ్ట్‌వేర్ కొలువులకు ఉత్తుత్తి అర్జీలు పంపి చూసి, పేరును బట్టి చెప్పుకోదగ్గ వివక్ష కనబడలేదన్నది. అంతకుముందు 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ప్రైవేటు కొలువుల మీద చేసిన ఇలాంటి పరీక్షలోనేమో, హిందూ అగ్రకుల పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపొచ్చే అవకాశం దాదాపు మూడో వంతేనని తేలింది. సరే, మొదటిదే మీరు పట్టుకోండి. అది లెక్కబెట్టింది ప్రకటన చూసి పంపిన అర్జీకి పిలుపొచ్చిందా లేదా అన్నదే. ప్రకటనే లేకుండా రిఫరెల్ మీద నిండే కుర్చీల సంగతేంటి? పిలుపొచ్చాక జరిగేదేంటి?

అమీర్‌పేట నుంచి అమెరికా దాకా బావలు, బామ్మర్దులు ఉన్నోళ్లకు కంపెనీ లోగుట్టు ఒక్క ఫోన్‌లో తెలుస్తది. ప్రాజెక్టు నిజమేనా, బాండు రాయించుకుంటరా, మేనేజర్ ఎసొంటోడు, అంతా. దాన్ని వాళ్లు రీసెర్చ్ అంటారు. మేం చుట్టరికం అంటాం. ఇంట్లో మొదటిసారి కంప్యూటర్ ముందు కూచున్న పిల్లకు ఆ ఫోన్ లేదు. పైగా ఆమె అడగాల్సిన ప్రశ్నలు వేరే. తల మీద దుపట్టా చూసి ముఖం మాడ్చుకుంటరా? తమ్ముడికి జుమ్మాకు గంట వదులుతరా? ఎక్కడో బాంబు పేలితే తెల్లారి క్యాంటీన్లో అందరూ మా దిక్కే చూస్తరా?

వాళ్లేమో మా పాత అడ్రసు నుంచి పోలీసు రికార్డు దాకా తవ్వించుకుంటారు. ఊరు భైంసా అని చెప్పడానికి మా పిల్లలు ఎందుకు తటపటాయించాలె? 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకపోయిన పిల్లలు నిర్దోషులని తేలాక, సర్కారే వాళ్లకు మంచి నడవడిక పత్రాలు రాసివ్వాల్సొచ్చింది. మరి కంపెనీల నడవడిక పత్రం ఎవరిస్తరు? 2008లో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు తీసుకున్న సత్యం, 2009 జనవరిలో వేల కోట్ల దొంగ లెక్కలు ఒప్పుకుంది. 2025 మార్చిలో మయన్మార్ సైబర్ మోసాల శిబిరాల నుంచి విడిపించిన 500 మందికి పైగా భారతీయులను సైనిక విమానాల్లో తెచ్చారు. వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు. అక్కడికి చేరిన చాలామందిని లాగింది కంప్యూటర్ ఉద్యోగమన్న మాటే.

కాగితం చెప్పేది కాగితంతో తెలుసుకోవచ్చు. కంపెనీ రిజిస్ట్రేషన్, డైరెక్టర్ల పేర్లు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ రికార్డులో ఉంటాయి. ఎంతమందికి పీఎఫ్ కడుతున్నదో పీఎఫ్ సంస్థ దగ్గర దొరుకుతది. రెండొందల మంది ఉన్నారన్నోడు పదిమందికే కడుతుంటే అడగాలె. డిపాజిట్ అడిగినోడికి దండం పెట్టి లేవాలె. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతుల పెట్టొద్దు. కానీ ఇజ్జత్ సంగతి ఏ రికార్డు చెప్పదు. అది లోపల పనిచేసినోడు చెప్పాలె.

అందుకే ఖౌమ్ పెద్దలను అడుగుతున్నా. షాదీఖానాలకు చందాలు వసూలు చేసే మీరు, హైదరాబాద్‌లో, బెంగళూరులో కొలువులు చేస్తున్న మన పిల్లల పేర్లు ఒక్క రిజిస్టర్లో ఎందుకు రాయలేదు? పండక్కి ఇంటికొచ్చినోళ్లను నమాజయ్యాక ఒక గంట కూచోబెడితే ఏం పోతది? అక్కడికి ముస్లిం పిల్లలే రావాలని లేదు. ఉట్నూరు గోండు పిల్లకు, హుజూరాబాద్ మాదిగ పిల్లగానికి కూడా లోపల బావలు లేరు. వాళ్లనూ పిలవండి.

సెక్యులర్ మిత్రులకూ ఒక మాట. మా పిల్లలకు ఇంటర్వ్యూలో నవ్వడం నేర్పించడం ఆపి, ఆ సమాన అవకాశాల చట్టం ఏమైందో మీ పార్టీలను అడగండి. కొలువిచ్చేవాడు ఎవరిని తీసుకున్నాడో, ఎవరిని కాదన్నాడో లెక్క చెప్పాల్సిన రోజు వచ్చేదాకా, మా ఇండ్లల్ల ప్రశ్న అదే ఉంటది: కఫీల్ ఎసొంటోడు?