కాపరి జ్వరానికి పరీక్ష ఏది?

మందలో చూడి గొర్రె ఈసుకుపోతే కాపరి వట్టి చేతులతోనే పిండాన్ని తీస్తాడు, మాయ లాగి కంచె అవతల పారేస్తాడు. చేతుల మీది గీతల్లోంచి బ్రూసెల్లా క్రిమి ఒంట్లోకి చేరడానికి అది చాలు. కొన్ని వారాలకు వచ్చిపోయే జ్వరం, రాత్రిళ్లు చెమటలు, కీళ్ల నొప్పులు, నడుము పట్టేయడం. కొందరు మగవాళ్లకు వృషణాల వాపు. ఊళ్లో ఆర్‌ఎంపీ టైఫాయిడ్ అంటాడు, సెలైన్ ఎక్కిస్తాడు. నడుం నొప్పి ముదిరితే టీబీ అనుమానం. బ్రూసెల్లోసిస్ మాట మాత్రం ఎవరి నోటా రాదు.

ఇదేమీ కొత్త జబ్బు కాదు. మాల్టా దీవిలో సైనికులను చంపుతున్న జ్వరానికి కారణమైన ఈ క్రిమిని సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ 1887లోనే గుర్తించాడు. అది మేకల నుంచి వస్తోందని 1905లో మాల్టా వైద్యుడు జమిత్ తేల్చాడు. అక్కడ దోషి పచ్చిపాలు. పాలు మరగకాచే అలవాటు మన ఇళ్లను చాలావరకు కాపాడుతోంది. మన దగ్గర ప్రమాదం గ్లాసులో కన్నా కొట్టంలోనే ఎక్కువ. ‘పాలు కాచి తాగండి’ అని పోస్టరు అంటించి చేతులు దులుపుకుంటే కాపరికి ఒరిగేదేమీ లేదు.

కేంద్రం 2019లో రూ.13,343 కోట్లతో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆవు, గేదె పెయ్యలకు జీవితంలో ఒక్కసారి టీకా. మంచి పనే. కానీ ఈ బ్రూసెల్లా టీకా గొర్రెలకు, మేకలకు లేదు. మనుషులను ఎక్కువగా బాధించే బ్రూసెల్లా మెలిటెన్సిస్ రకం ప్రధానంగా ఉండేది వాటిలోనే! 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. 2017లో గొల్లకురుమలకు సబ్సిడీపై గొర్రెలు పంచిన తెలంగాణ ప్రభుత్వానికి, ఆ గొర్రెల నుంచి వాళ్లకు ఏ జబ్బు రావచ్చో చూసే బాధ్యత లేదా?

టీకా వేసేవాళ్ల సంగతీ ఉంది. పెయ్యలకు వేసేది బతికున్న క్రిమితో తయారైన మందు. సూది పొరపాటున గుచ్చుకుంటే వేసినవాళ్లకే జబ్బు అంటుకోవచ్చు. గ్లవ్స్, కళ్లద్దాలు ఇవ్వకుండా వాళ్లను టీకాలకు పంపకూడదు.

ఈ జబ్బును పట్టే రోజ్ బెంగాల్ రక్తపరీక్షకు కొన్ని నిమిషాలు చాలు. చికిత్సా అందుబాటులో ఉన్నదే: సాధారణంగా డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ ఆరు వారాలు. అయితే జ్వరం తగ్గగానే మందు ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. కూలి పోగొట్టుకుని పట్నానికి తిరగాల్సివస్తే ఎవరు మాత్రం ఆరు వారాలు వాడతారు? అందుకే పరీక్ష, మందులు రెండూ మండల పీహెచ్‌సీలోనే ఉచితంగా దొరకాలి. మందలో రోగం బయటపడిన రోజే పశువైద్యుడు ఆ కబురు పీహెచ్‌సీకి పంపాలి. ఆ కాపరి ఇంట్లో జ్వరం ఉన్న ప్రతి ఒక్కరికీ రక్తపరీక్ష చేయాలి. గొర్రెలు, మేకలకూ టీకా ఇవ్వాలని రెండు రాష్ట్రాలూ కేంద్రాన్ని గట్టిగా అడగాలి. ఆ సంగతి తేలేదాకా ఆగక్కర్లేదు, పశుసంవర్ధక, ఆరోగ్య శాఖలు ముందు ఈ పరీక్షలు, మందులు, కబుర్లపై ఒక ఉమ్మడి ఉత్తర్వు ఇవ్వాలి.