గరిటె పట్టిన చేతులు

ఖరగ్‌పూర్‌లోని ఇందా ప్రాంతానికి ఏదో ఒక పనిమీద వెళ్లిన ఉద్యోగ మిత్రులు ఒక సంగతి గమనించే ఉంటారు. బెంగాలీ బోర్డుల నడుమ హఠాత్తుగా తెలుగు మాట చెవిన పడుతుంది; దాని వెంటనే ఇడ్లీ సాంబారు వాసన ముక్కుకు తగులుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ ఊళ్లో వర్క్‌షాపు నెలకొల్పిన కాలం నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారు పనికై తరలివెళ్లి అక్కడే స్థిరపడ్డారు. అయితే ఆ తొలితరం కార్మికులు ఇడ్లీని తమ మూటలో కట్టుకుని వెళ్లారనుకోవడం సరికాదు. వారి ఉదయపు ఆహారం చద్దన్నం, అంబలి. ఇడ్లీ చాలా ఇళ్లలో పండుగనాటి మాట. దానిని కార్మికుని నిత్యాహారంగా మార్చడంలో హోటలు పాత్ర చాలా ఉన్నది. ఆ మార్పుకు కారకులైనవారిలో ఒకరి జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

ఆయన కె. కృష్ణారావు. తెలుగువారు కారు, 1898లో ఉడుపి సమీపంలోని కడందలె గ్రామంలో, పేద కుటుంబంలో జన్మించారు. ఇల్లు గడవడమే కష్టమైన రోజులలో మఠాల వంటశాలలో పనిచేశారు. ఉడుపిలో శ్రీకృష్ణుని సేవ ఎనిమిది మఠాల మధ్య రెండేళ్లకొకసారి చేతులు మారుతుంది. ఏ మఠం వంతు వచ్చినా వందలమందికి వండి వడ్డించక తప్పదు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా, బెల్లపు తీపి తగిలేలా సాంబారు కాచే ఉడుపి పద్ధతి ఆ వంటశాలలలోనే రూపుదిద్దుకున్నది. పెద్ద ఎత్తున వండడం, శుభ్రత, వేళ తప్పకపోవడం కూడా అక్కడి యువకులు నేర్చుకున్న విద్యలే.

అటుపైన కృష్ణారావు మద్రాసు చేరి, ఒక హోటలు వంటింటిలో పనివానిగా బ్రతుకు మొదలుపెట్టారు. ఆ తరువాత జార్జిటౌన్‌లోని ఆచారప్పన్ వీధిలో ఒక చిన్న హోటలు ఆయన చేతికి వచ్చింది; అక్కడి నుండి మౌంట్ రోడ్డుకు విస్తరించారు. 1938లో రాయపేటలోని ‘వుడ్‌లాండ్స్’ అనే బంగళాను తీసుకుని బసతో కూడిన శాకాహార హోటలుగా మార్చారు. ఆ పేరే ఆయన ఇంటిపేరు వలె నిలిచి ‘వుడ్‌లాండ్స్ కృష్ణారావు’గా ప్రసిద్ధులయ్యారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసే మనకూ రాజధాని. చదువుకో, వ్యాజ్యానికో, సినిమాలకో వెళ్లిన తెలుగువారికి నమ్మకంగా కడుపు నింపినవి ఇటువంటి హోటళ్లే.

1962లో ప్రారంభమైన వుడ్‌లాండ్స్ డ్రైవ్‌-ఇన్ మరొక విశేషం. కారు దిగకుండానే టిఫిన్ చేయవచ్చు. చెట్ల నీడన ఒక కాఫీతో గంటలకొద్దీ కూర్చోవచ్చు. సినిమా రచయితలు, సేల్స్ ప్రతినిధులు దానిని తమ కార్యాలయంగానే భావించారు! అదే ఉదారత మన కార్యాలయ క్యాంటీన్లలో చూపితే ఫైళ్లు కదిలేవా అన్నది వేరే ప్రశ్న. 1990లో, తొంభై ఏళ్లు దాటిన వయసులో కృష్ణారావు కన్నుమూశారు. ప్రభుత్వం స్థలాన్ని స్వాధీనం చేసుకోగా 2008లో డ్రైవ్‌-ఇన్ మూతపడింది. 2010 నుండి ఆ చోట సెమ్మొళి పూంగా అనే ఉద్యానం ఉన్నది.

పెద్ద పేర్లు అలా ఉంచి, ఇందా వంటి చోట చిన్న హోటలు నడిపే గృహస్థు సంగతి చూద్దాం. మనకు ఎనిమిది గంటల షిఫ్టు, ఆర్జిత సెలవు, భవిష్య నిధి ఉన్నాయి. ఆయనకు ఇవేవీ లేవు. మధ్యాహ్నం నానబోసి, సాయంత్రం రుబ్బి, రాత్రంతా పులియబెట్టిన పిండి తెల్లవారుజామున ఆయనను లేపుతుంది. మన కోస్తాలో ఒక రాత్రికే పొంగే పిండి బెంగాల్ చలికాలంలో మొండికేస్తుంది. పాత్రకు గోనెసంచులు చుట్టి, వెచ్చని పొయ్యి పక్కన పెట్టి బుజ్జగించాలి. ఒక్కరోజు పిండి పొంగకపోతే ఆనాటి ఆదాయం లేదు. అప్పు పద్దులు జీతాల తేదీ కోసం ఎదురుచూస్తాయి. పండుగ అందరికీ విశ్రాంతి. ఆయనకు బేరం ఎక్కువగా సాగే రోజు.

ఆయన ఇల్లాలి శ్రమ ఏ పద్దులోనూ కనపడదు. పప్పు ఏరడం, పచ్చడి నూరడం, కొట్టు కట్టేశాక పాత్రలు సర్దడం చాలాచోట్ల ఇంటి ఆడవారి పని. జీతం మాట ఎవరూ ఎత్తరు. భార్యాబిడ్డల కోసమే ఇంత కష్టమని ఆయన అనడం అబద్ధం కాదు. కాని ఆ భార్యాబిడ్డలతో కలిసి ఆయన వేడిగా భోంచేసే పూటలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. కుటుంబాన్ని ప్రేమించే హోటలు యజమానికి ఇంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉండదని మా అభిప్రాయం. వారానికి ఒక పూట కొట్టు మూసేవారిని చూసి బేరం పోగొట్టుకున్నారని జాలిపడేవారున్నారు. మేము మాత్రం ఆ పక్షం కాదు.

కొడుకు కొట్టు అందుకోవాలా, మనవలె ఉద్యోగం వెదకాలా అన్నది అటువంటి ఇళ్లలో తరచు వచ్చే చర్చ. కృష్ణారావు వ్యాపారాన్ని కుటుంబీకులు కొనసాగించారు. చిన్న కొట్టులో ఆ నిర్ణయం తేలిక కాదు. తండ్రి ‘నీ ఇష్టం రా’ అంటూనే పిండి ఎంత పులిసిందో వాసన చూడమని గిన్నె మూత తీసి కొడుకు ముందుంచుతాడు. తల్లి మాత్రం ఉద్యోగ ప్రకటన వచ్చిన పత్రికను మడిచి పోపులడబ్బా కింద దాచిపెడుతుంది.