తలుపు మూసుకొని మాట్లాడే హక్కు

పంజాగుట్టలో మెట్రో ఎక్కి మియాపూర్ వైపు సాగితే నాలుగవ స్టేషను ఎర్రగడ్డ. పది నిమిషాల దూరం. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి గుండె జబ్బుతోనో, మూత్రపిండాల జబ్బుతోనో వెళ్లే మనిషి వెంట మన మొహల్లా సగం కదులుతుంది. ఇళ్ల నుండి టిఫిన్ క్యారియర్లు వెళతాయి. జుమా నాడు మస్జిదులో పేరు చెప్పి దువా చేయిస్తాం. అదే మనిషి ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి వెళ్లవలసి వస్తే ఎవరి కంటా పడకుండా బయలుదేరుతాడు. ఆ పేరు మన ఇళ్లలో ఒక తిట్టు. "నిన్ను ఎర్రగడ్డలో వేయాలి" అని పిల్లలను గద్దించే మనమే, వారు పెద్దవారై మనసు కుంగినప్పుడు మనతో ఎందుకు చెప్పుకోరని ఆశ్చర్యపోతున్నాం.

వారు చెప్పుకుంటూనే ఉన్నారు, మనతో కాదు. కర్నూలు నుండి, కడప నుండి, మహబూబ్‌నగర్ నుండి సాఫ్ట్‌వేర్ శిక్షణకు వచ్చిన మన బిడ్డలు అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటున్నారు. ఒక్కొక్క గదిలో మూడు, నాలుగు మంచాలు. ఉద్యోగం దొరకని ఏడాది, కుదిరి తప్పిపోయిన సంబంధం, గల్ఫ్‌లో పని పోయి తిరిగివచ్చిన తండ్రి: ఈ భారాలను మోస్తున్న అమ్మాయి రాత్రి వేళ మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, ఏ ఊరిలో ఉంటారో తెలియని కౌన్సెలరుతో ముప్పావుగంట ఫోనులో మాట్లాడుతుంది. పండుగకు ఇంటికి వస్తే ఆ ముప్పావుగంట కూడా దొరకదు. తలుపు మూస్తే అమ్మీ తడుతుంది. ఫోను పట్టుకుంటే "ఎవరితో?" అని భాయి నిలదీస్తాడు. తమ బంధువర్గంలో ఇటువంటి బిడ్డ లేదని మన పాఠకులలో ఎందరు ధైర్యంగా అనగలరు?

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ ముప్పావుగంట ఆమె హక్కు. ఇంట్లో దానిని మనం నిరాకరిస్తున్నాం. బయట మార్కెట్టూ ప్రభుత్వమూ నిరాకరిస్తున్నాయి. ఒక నిరాకరణను మాత్రమే ప్రశ్నించి రెండవదానిపై మౌనం వహించడం న్యాయం కాదు.

ముందుగా మన ఇంటి సంగతి. ఈమాన్ గట్టిగా ఉంటే కౌన్సెలరుతో పనేమిటని పెద్దలు అడుగుతున్నారు. కుమారుడు యూసుఫ్ కోసం దుఃఖించి యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) చూపు కోల్పోయిన సంగతి ఖుర్ఆన్ చదివే ప్రతి ఇంటికీ తెలుసు. ఆయన ఈమాన్‌ను శంకించే సాహసం ఎవరికైనా ఉందా? హజ్రత్ ఖదీజా (ర), పెంచి కాపాడిన అబూతాలిబ్ కన్నుమూసిన ఏడాదిని మన చరిత్ర దుఃఖ సంవత్సరంగానే గుర్తుంచుకున్నది. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యంతో పాటు మనసు ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో చర్చిస్తూ భయం, కోపం, దుఃఖం, వస్వాసాలను విడివిడిగా వివరించారు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మానసిక రోగులకూ చోటు ఉండేది. మనసుకు వైద్యం పడమటి నుండి నిన్న దిగుమతి అయిన వేషం కాదు. నమాజును, దువాను వదిలి కౌన్సెలరు వద్దకు వెళ్లమని ఎవరూ అనడం లేదు. మధుమేహానికి మందు వేసుకుంటూ దువా చేసే మనకు ఇది కొత్త సంగతి కానే కాదు.

ఇంటి గుట్టు పరాయివారికి చెప్పడం గీబత్ కాదా అన్నది మరొక అభ్యంతరం. సలహా కోసం, న్యాయం కోసం చెప్పుకునే మాటను ధర్మవేత్తలు గీబత్‌గా లెక్కించలేదు. పైగా తాయెత్తు కట్టే బాబా దగ్గర అదే గుట్టును పదిమంది ఎదుట విప్పడానికి మనం సంకోచించడం లేదు. కౌన్సెలరుకు గోప్యత వృత్తిధర్మం. బాబాకు ఆ కట్టుబాటు ఏది?

ఇక బయటి సంగతి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రతి వ్యక్తికీ మానసిక వైద్యసేవలు పొందే హక్కును ఇచ్చింది. ఆ సేవలు అందుబాటు ఖర్చులో, నాణ్యతతో, మత, కుల, లింగ వివక్ష లేకుండా, రోగికీ కుటుంబానికీ ఆమోదయోగ్యమైన రీతిలో ఉండాలని అదే సెక్షన్ చెబుతోంది. 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా గుర్తించింది. శరీర వ్యాధులకు ఇచ్చినట్లే మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని 21వ సెక్షన్ ఆదేశించింది. ఒత్తిడి ఇంకా వ్యాధి కాదు కదా అంటారేమో. మానసిక ఆరోగ్యాన్ని పెంపొందించే, వ్యాధిని నివారించే కార్యక్రమాలు చేపట్టడం ప్రభుత్వ బాధ్యత అని 29వ సెక్షన్ అంటోంది. ఆచరణలో ఏమున్నది? యాప్‌లలో ఒక్కొక్క సిట్టింగుకు అడిగే సొమ్ము హాస్టలు బిడ్డ వారం రోజుల భోజనం ఖర్చును మించిపోతున్నది. కొద్ది రోజుల కోర్సు చేసినవారూ కౌన్సెలరు బోర్డు పెట్టుకుంటున్నారు.

మరొక అన్యాయం ఇంతకంటే లోతైనది. ముస్లిం పేరు చెప్పగానే ఇల్లు అద్దెకు దొరకదన్న వాస్తవాన్ని 2006లోనే సచార్ కమిటీ నమోదు చేసింది. అద్దె ఇంటి కోసం తిరిగి తిరిగి భంగపడిన యువకునికి ఊపిరి వ్యాయామాలు మాత్రమే నేర్పి పంపితే, తప్పు అతని మనసులోనే ఉన్నదని చెప్పినట్లవుతుంది. హిజాబు వేసుకున్నందుకే మీకు ఈ ఒత్తిడి అని తేల్చే కౌన్సెలరు ఆమె మాట వినకముందే తీర్పు చెప్పినట్లే. ఒక మతవర్గానికి చెందినందువల్ల ఎవరినీ మానసిక రోగిగా నిర్ణయించరాదని ఇదే చట్టం 3వ సెక్షన్ నిషేధించింది. వివక్ష వల్ల కలిగిన గాయానికి ఓదార్పు కావాలి, వివక్షకు పోరాటం కావాలి. ఓదార్పును పోరాటానికి బదులుగా మాకు అంటగట్టవద్దు. పోరాటం పేరు చెప్పి మన పిల్లలకు ఓదార్పును మనమూ దూరం చేయవద్దు.

కనుక మా కోరికలు ఇవి. 2022 అక్టోబర్ 10న కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరుపై రేయింబవళ్లు ఉచితంగా పనిచేస్తున్నది. ఆ నంబరు ప్రతి మస్జిదు నోటీసు బోర్డు మీద, ప్రతి మదర్సా గోడ మీద, అమీర్‌పేటలోని ప్రతి హాస్టలు మెట్ల దగ్గర కనిపించాలి. ఉర్దూ తెలంగాణకు రెండవ అధికార భాష. ఫోను ఎత్తినవారు ఏ వేళలోనైనా తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడేలా ప్రభుత్వం చూడాలి. మైనారిటీ గురుకులాలలో అర్హత కలిగిన కౌన్సెలర్లను నియమించాలి. డబ్బు కట్టేముందు మన కుటుంబాలు అర్హత అడగాలి. క్లినికల్ సైకాలజిస్టు అయితే పునరావాస మండలి రిజిస్ట్రేషన్, మందులు రాసేవారైతే వైద్య మండలి రిజిస్ట్రేషన్ చూడాలి. ప్రాణం తీసుకోవాలన్న మాట బిడ్డ నోట వస్తే యాప్ కోసం వెతకకండి. ఒంటరిగా విడిచిపెట్టక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇమాములకు మా విన్నపం: ఒక్క జుమా ఖుత్బాలోనైనా ఈ మాట ఎత్తండి. అమ్మీలకూ అబ్బాలకూ మా విన్నపం ఇంకా చిన్నది. ఈసారి బిడ్డ ఫోను పట్టుకొని గది తలుపు మూసుకుంటే ముప్పావుగంట ఆగండి. భాయిని కూడా ఆపండి. తలుపు తెరిచాక ఏం మాట్లాడావని అడగవద్దు. అన్నం వడ్డించి పక్కన కూర్చోండి.