ఫొటో ఉంది, పిట్ట లేదు

పెద్ద వడ్రంగి పిట్టను ఫొటో తీయాలంటే అందరూ ముందు లెన్స్ గురించే అడుగుతారు. 400 ఎంఎం సరిపోతుందా, 600 కొనాలా అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది: ఆ అడవిలో ముసలి చెట్లు, ఎండిపోయినా నిలబడే ఉన్న మానులు మిగిలాయా?

అమెరికాలోని లూసియానాలో ఏం జరిగిందో చూడండి. అక్కడ ఐవరీ బిల్డ్ వుడ్‌పెకర్ ఉండేది. దాదాపు అర మీటరు పిట్ట. 1935లో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన ఆర్థర్ అలెన్ బృందం సింగర్ ట్రాక్ట్ అనే అడవికెళ్లి దాన్ని ఫిల్ము తీసింది, గొంతు కూడా రికార్డ్ చేసింది. ఆ అడవి సింగర్ కంపెనీది. అవును, మన అమ్మమ్మల కుట్టుమిషన్ సింగరే! తర్వాత జేమ్స్ టానర్ అక్కడే ఉండి ఆ పిట్ట తిండిని గమనించాడు. ఈమధ్యే చచ్చిన పెద్ద చెట్ల బెరడు ఊడదీసి, లోపలి పురుగుల్ని తినేదట. అలాంటి చెట్లు పాత అడవిలోనే ఎక్కువ. ఆ అడవిని కలప కోసం నరికేశారు. 1944లో ఒక చిత్రకారుడు అక్కడ ఒంటరి ఆడపిట్టను చూసి బొమ్మ గీశాడు. అమెరికాలో అందరూ ఒప్పుకున్న చివరి చూపు అదే. ఆ రికార్డింగ్ మాత్రం ఇవాళ్టికీ వినొచ్చు.

మనకేంటి అంటారా? పాపికొండల వైపు మూరెడు పొడవుండే తెల్లపొట్ట నల్ల వడ్రంగి పిట్ట ఉంది. అది గూడు తొలవాలంటే లావు మాను కావాలి. వడ్రంగి పిట్టలు వదిలేసిన తొర్రల్లో చిలకలు, గోరింకలు, గుడ్లగూబలు కాపురం పెడతాయి.

అందుకే అడవికి వెళ్తే ముందు ఎండిన మానును వెతకండి. మొదట్లో తాజా చెక్కపొట్టు రాలి ఉంటే దూరంగా కూర్చుని, టకటక శబ్దం కోసం చెవులు రిక్కించండి. ఫోన్‌లో కూత ప్లే చేసి పిలవొద్దు. తన ఏరియాలోకి ఇంకోటి వచ్చిందనుకుని అది తిండి, గుడ్లు వదిలేసి పరిగెత్తుకొస్తుంది. గూడు లొకేషన్ పోస్ట్ చేయొద్దు.

కాలేజీల్లో మొక్కలు నాటి సెల్ఫీలు దిగుతాం, మంచిదే. కానీ ఆ మొక్క లావు మాను అవ్వడానికి దశాబ్దాలు పడుతుంది. దారి పక్కన ఎండిన చెట్టు మీద పడుతుందనుకుంటే కొట్టాల్సిందే. వెనక మూల ఎవరికీ అడ్డం లేని చెట్టును కూడా "వేస్ట్" అని ఎందుకు కొట్టేయాలి? ఈసారి కాలేజీ లిస్టులో నాటిన మొక్కలతో పాటు, కొట్టకుండా వదిలిన ఎండు చెట్లను కూడా లెక్క రాద్దాం.