పప్పుడకని నీళ్లు పాత ఇంజనుకూ పనికిరావు

చెరువుల్లో పూడిక తీసేది ఎండాకాలంలోనే. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి ఉమ్మడి వరంగల్ జిల్లా పల్లెలకు జేసీబీలు, పొక్లెయిన్లు, టిప్పర్లు కొత్త కాదు. ఆ పనులను, రోడ్డు పనులను, పొలాల చదును పనులను నమ్ముకుని అప్పు చేసి పాత యంత్రాలు కొన్నవారు తక్కువేమీ కాదు. 44, 45 డిగ్రీల ఎండలో పొద్దంతా నడిచే ఆ ఇంజన్లలో పోస్తున్నదేమిటి? చాలాచోట్ల పక్కనున్న బోరు నీళ్లు, లేదంటే గుంటలోని బురద నీళ్లు. ఇంజను వేడెక్కి ఆగిపోయినప్పుడు మాత్రం తప్పు డ్రైవరు మీదకు పోతుంది.

బోరు నీళ్ల సంగతి ఇంట్లో ఆడవారిని అడిగితే చాలు. ఏ బోరు నీళ్లలో పప్పు ఉడకదో, సబ్బు నురగ రాదో, గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుందో వారికి తెలుసు. అదే తెల్లటి సున్నం ఇంజను లోపల, రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. ఆ పొర పల్చనిదే అయినా ఇంజను వేడిని నీటికి అందనివ్వదు. పైన రేడియేటర్ నిండుగానే కనిపిస్తుంది, లోపల ఇంజను మాడిపోతుంటుంది.

కూలెంటు అంటే చలి దేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా పోసేదనీ, వరంగల్‌లో మంచు ఎక్కడ పడుతుందనీ వాదించేవారున్నారు. వాదన సగం నిజం. వేడిని మోసుకుపోవడంలో మంచి నీళ్లే కూలెంటు కంటే మెరుగు. కానీ కూలెంటులో గడ్డకట్టకుండా చేసే గ్లైకాల్ ఒక్కటే ఉండదు. తుప్పును ఆపే మందులూ ఉంటాయి. ఈ జిల్లాకు కావలసినవి ముఖ్యంగా ఆ మందులే. పూర్వం ఉత్త నీళ్లతోనే ఇంజన్లు ఏళ్ల తరబడి నడిచాయని పెద్ద మెకానిక్‌లు చెప్పే మాట కొట్టివేయదగినది కాదు. అయితే ఆ ఇంజన్ల వేగం వేరు, వాటి మీద పడిన బరువు వేరు.

పెద్ద డీజిల్ ఇంజన్లలో చాలావాటికి సిలిండర్ లైనరు చుట్టూ నేరుగా నీళ్లే ఉంటాయి. లోపల డీజిల్ మండి పిస్టన్ కొట్టినప్పుడల్లా లైనరు గంటలా అదురుతుంది. ఆ అదురుకు బయటి నీటిలో కంటికి కనిపించని బుడగలు పుట్టి పగులుతాయి. పగిలిన చోట ఇనుము సూదిమొనంత చొప్పున లేచిపోతుంది. గంటల తరబడి, నెలల తరబడి ఇలా జరిగితే లైనరుకు చిల్లు పడి నీళ్లు ఇంజన్ ఆయిల్‌లో దిగుతాయి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన చాయ రంగులో ఉంటుంది. ఆ తర్వాత అయ్యే ఖర్చు ఏళ్ల తరబడి కూలెంటుకు పెట్టే ఖర్చును మించిపోతుంది. ఈ చిల్లులను ఆపడానికే భారీ ఇంజన్ల కూలెంటులో నైట్రైట్ వంటి ప్రత్యేక మందులు కలుపుతారు. కార్ల కూలెంటులో అవి ఉండకపోవచ్చు. కారు షాపులో తెచ్చిన డబ్బాను పొక్లెయిన్‌లో పోస్తే డబ్బు పోయినట్టే, రక్షణా లేనట్టే.

రంగును బట్టి కూలెంటు కొనడం మరో పొరపాటు అలవాటు. పచ్చనిది పాతరకం, ఎర్రనిది లేదా నారింజది కొత్తరకం అన్న లెక్క ఒకప్పుడు కొంత నడిచింది. ఇప్పుడు ఏ కంపెనీ ఏ రంగు కలిపినా అడిగేవారు లేరు. డబ్బా వెనుక రాత చదవాలి, లేదా చదివించుకోవాలి. ఏఎస్‌టీఎం డీ 6210 అని ఉంటే అది భారీ ఇంజన్లకు చేసినది. డీ 3306 అని మాత్రమే ఉంటే కార్లకు, చిన్న బండ్లకు చేసినది. పాత యంత్రాల రేడియేటర్లు రాగి, ఇత్తడి రేకులకు సీసం టంకం వేసి చేసినవి. ఎక్కువ కాలం వస్తుందని చెప్పి అమ్మే ఓఏటీ రకాల్లో కొన్ని ఆ టంకానికి, పాతకాలపు సీళ్లకు పడవు. ఖరీదైనది కదా అని పాత ఇంజనుకు అదే మంచిదనుకోరాదు. యంత్రంతో వచ్చిన పుస్తకం దొరికితే అందులో చెప్పినదే పోయాలి. రెండు రకాలు కలిపితే మందుల బలం పోతుంది, ఒక్కోసారి జిగురులా గడ్డకట్టి గొట్టాలు పూడిపోతాయి. రకం మార్చదలచినవారు ముందు పాతది మొత్తం తీసి, మంచి నీటితో కడిగించాలి.

చిక్కటి కూలెంటులో కలిపే నీళ్లు డిస్టిల్డ్ వాటరే అయి ఉండాలి. బ్యాటరీలో పోసే నీళ్లే అవి, యాసిడ్ కాదు. పంచాయతీ ఆర్ఓ ప్లాంటు నీళ్లు బోరు నీళ్ల కంటే ఎన్నో రెట్లు నయం. డబ్బా పొదుపుగా వాడాలని లీటరు కూలెంటును పది లీటర్ల నీటిలో కలిపితే తుప్పు మందు చాలదు. గ్లైకాల్ భారం అనుకునేవారికి మరో దారి ఉంది. భారీ ఇంజన్లకని విడిగా అమ్మే తుప్పు మందును మెత్తటి నీటిలో డబ్బాపై చెప్పిన కొలత ప్రకారం కలపడం. మంచు పడని చోట కొన్ని ఇంజన్ల తయారీదారులు కూడా దీన్ని ఒప్పుకుంటారు.

ఇంజను వేడెక్కుతున్నదని థర్మోస్టాట్ పీకి పారేసే షెడ్లు ఇంకా ఉన్నాయి. అది వైద్యం కాదు. ఉన్న రోగాన్ని కొన్నాళ్లు దాచిపెట్టి, చల్లగా నడిచే ఇంజనులో లైనర్లను త్వరగా అరగదీయడమే అవుతుంది.

యజమానులు చేయవలసింది ఇంకొకటి ఉంది. ఏ రకం కూలెంటు, ఏ తేదీన పోసిందీ రేడియేటర్ పక్కన పెయింటుతో రాయించాలి. డ్రైవర్లు మారుతుంటారు, మధ్యలో ఎవరు ఏది పోశారో ఎవరికీ గుర్తుండదు. అమ్మే షాపులవారు కూడా బిల్లు మీద డబ్బా రకం రాసివ్వడానికి ఏమంత కష్టం?

పాత కూలెంటును చెరువు గట్టునే పారబోసే అలవాటు వెంటనే మానుకోవాలి. అందులోని ఇథిలిన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉండే విషం. గొడ్లు, కుక్కలు దాన్ని నాకితే మూత్రపిండాలు పాడై చస్తాయి, పిల్లలకూ అంతే ప్రమాదం. తీసినదాన్ని మూత గల డబ్బాలో పట్టి, పట్నంలోని పెద్ద వర్క్‌షాపుకు అప్పగించాలి. మంచినీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇంట్లో పెట్టరాదు.