కుందేటి కొమ్ములు: గుట్ట మనది, లాభం ఎవరిది?

ఎండాకాలంలో పాకాల చుట్టూ ఉన్న గుట్టలెక్కి చూడండి. గడ్డి మాడిపోయిన చోట కూడా బండల సందుల్లో నాలుగు పలకల పచ్చటి కాడలు నిలబడి ఉంటాయి. అవే కుందేటి కొమ్ములు. ఆకులుండవు, నీళ్లు కాడల్లోనే దాచుకుంటుంది. పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక గాలి పీల్చుకుంటుంది. అందుకే కరువుకు జంకదు.

గొర్రెలు, మేకలు తోలుకుపోయే మన పెద్దలు ఆకలేస్తే ఈ కాడే తుంచి నమిలేవాళ్లు. పచ్చడీ నూరుకునేవాళ్లు. ఒక్క జాగ్రత్త: తుంచినప్పుడు పాలు కారితే అది జెముడు, నోట పెట్టకూడదు.

శాస్త్రవేత్తలు దీన్ని కారల్లుమా అంటారు. ఆ పేరు మన దగ్గర తీసుకున్నదే. 1795లో రాక్స్‌బర్గ్ దొర ఈ మొక్కను వర్ణిస్తూ తెలుగువాళ్ల నోట విన్న 'కారల్లం' అనే మాట రాసుకున్నాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ ఆ మాటతోనే ప్రజాతికి పేరు పెట్టాడు.

పేరు పోయినట్టే ఇప్పుడు మొక్కా పోతోంది. దీని సారంతో ఒళ్లు తగ్గించే మాత్రలు చేసి దేశదేశాల్లో అమ్ముతున్నారు. బెంగళూరులో 60 రోజులు చేసిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. ఆకలి, నడుము కొలత తగ్గాయి గానీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అమ్మకాలు మాత్రం ఆగలేదు. మా ఊరి గుట్టకూ ఒక బేరగాడు వచ్చాడు. కాపర్ల చేతిలో నాలుగు రూపాయలు పెట్టి, వేళ్లతో సహా గోతాలకెత్తించుకుపోయాడు. ఆ వాలులో ఇప్పుడు వెతికినా ఒక్క కాడ కనబడదు.

2002 జీవవైవిధ్య చట్టం ఏం చెబుతోంది? వ్యాపారానికి అడవి మొక్కలు సేకరించే కంపెనీ రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందుగా తెలపాలి, లాభంలో వాటా ఇవ్వాలి. ఇక్కడి కంపెనీలకూ ఇది వర్తిస్తుందని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు తేల్చింది. మన వాడకానికి మాత్రం అడ్డు లేదు.

రైతు సోదరులారా, చేయాల్సింది మూడే పనులు. పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉందా అని గ్రామసభలో అడగండి, ఉంటే ఈ మొక్కను రిజిస్టర్‌లో రాయించండి. కోసేటప్పుడు మొదలు వదిలి పైకాడే కోయండి, అది మళ్లీ చిగురిస్తుంది. నాలుగు కాడలు తెచ్చి గట్టు మీద రాళ్ల మధ్య నాటండి, బతుకుతుంది.

నీళ్లడగని మొక్క ఇది. మనం అడగకపోతే దీని వాటా కూడా మనకు రాదు.