మూలలోని అంకెలు ఎవరి మాట?

మాట్‌ప్లాట్‌లిబ్‌తో గ్రాఫులు గీసేవారిలో ఒక అలవాటు గమనించాను. గీత రంగు గురించి పూటంతా తర్జనభర్జన పడతారు. కిటికీ పట్టీలో, కర్సరు కదిలినప్పుడల్లా మారే నిరూపకాల వైపు మాత్రం కన్నెత్తి చూడరు. అడిగితే "అది ఉత్త అలంకారమండీ" అంటారు. నేనొప్పుకోను. చదువరి గ్రాఫును చూసేది కంటితో, ప్రశ్నించేది కర్సరుతో. ఆ ప్రశ్నకు గీసినవారి తరఫున జవాబిచ్చేవి ఆ అంకెలే.

ఒక చెరువు లోతులను ఇమ్‌షోతో బొమ్మగా చూపారనుకోండి. కర్సరు పెడితే ఎక్స్ 213.7 అని వస్తుంది. ఏమిటది? గడి సంఖ్య. గడికి భిన్నమేమిటి? పక్కన బ్రాకెట్లలో లోతు విలువ కూడా వస్తుంది గానీ అది మీటర్లో అడుగులో చెప్పే నాథుడు లేడు. దీనికి మందు ఉంది. ప్రతి అక్షాల వస్తువుకూ ఫార్మాట్_కోఆర్డ్ అనే ప్రమేయం ఉంటుంది. ఎక్స్, వై తీసుకుని ఒక వాక్యం తిరిగిస్తుంది. దాని స్థానంలో మనది పెట్టుకోవచ్చు. నిరూపకాలను దగ్గరి పూర్ణాంకానికి సవరించడం, ఆ గడిలోని లోతు తీయడం, ప్రమాణం జోడించడం, బొమ్మ అంచు దాటితే లోతు చెప్పకుండా ఊరుకోవడం. పట్టుమని పది పంక్తులు కావు.

దశాంశాల సంగతి మరీ ఘోరం. 2021లో వచ్చిన 3.5 కూర్పు నుంచి, సరళ అక్షాల మీద, పిక్సెలు సూక్ష్మతకు మించిన అంకెలను చూపడం మానేశారు. మంచిదే. అయితే పిక్సెలు సూక్ష్మత వేరు, కొలత సూక్ష్మత వేరు. తాడుకు గుండు కట్టి కొలిచిన లోతులో ఎన్ని దశాంశాలను నమ్మవచ్చో లైబ్రరీకేం తెలుసు? కొలిచినవారు చెప్పాలి. చెప్పకుండా మిల్లీమీటర్ల దాకా చూపిస్తే దాన్ని అబద్ధమనే అంటాను.

ఇక "తెలుగులో పెడితే అక్షరాలు విరిగిపోతాయి" అనేవారికి. గ్రాఫు లోపలి అక్షరాలను మాట్‌ప్లాట్‌లిబ్ తానే గీస్తుంది. అందుకే అక్కడ ఏళ్ళ తరబడి మన ఒత్తులు చెల్లాచెదరయ్యాయి. దానితో వచ్చే డేజావు ఖతిలో తెలుగు లేనే లేదు. పట్టీ కథ వేరు. దాన్ని గీసేది క్యూట్ వంటి కిటికీల సరంజామా. యంత్రంలో తెలుగు ఖతి ఉంటే చాలు, "లోతు 4.5 మీటర్లు" అని నిక్షేపంగా కనిపిస్తుంది. డబ్బాలు చూసి చూసి యూనికోడుకు చేరిన మనమే ఆ చోటును ఖాళీగా వదిలేస్తే ఎలా?

ఒక్క హెచ్చరిక. ఈ ఏర్పాటు తెర మీదే. పీఎన్‌జీగా భద్రపరిస్తే పట్టీ వెంట రాదు. అచ్చుకు పంపే బొమ్మలో ప్రమాణాలను అక్షాల పక్కన విడిగా రాసుకోవలసిందే.